నా కాశీ మజిలీ

పుస్తకాల్లో నా పేరు రక్తఫలకిక. ఆ పేరుతో పిలిస్తే నేను పలకను. డెంగీ రోజుల్లో "కౌంట్ ఎంతుంది?" అని ఇంటిల్లిపాదీ అడిగేది నా గురించే. బొప్పాయి ఆకు దంచి రసం తీసేదీ నా కోసమే. ప్లేట్‌లెట్‌ని. ఒక్క మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాం.

మా అమ్మ మెగాకారియోసైట్, ఎముక మూలుగలో కాపురం. తన ఒంటినే తుంచి మమ్మల్ని రక్తంలోకి వదిలింది. కేంద్రకం ఇవ్వలేదు గానీ ఉత్త చేతుల్తో పంపలేదు. కొన్ని ఆర్ఎన్ఏ చీటీలు, చిన్న చిన్న సంచులు సర్దిపెట్టింది. ఆ సంచుల్లో ప్రియాన్ ప్రోటీన్ కూడా ఉంది. ఉలిక్కిపడకండి, అది మంచిదే. మడత తప్పినదే చెడ్డది. పక్కనున్న మంచివాటినీ తనలాగే వంకర చేస్తుంది. ఆ వంకరదానికి 1982లో స్టాన్లీ ప్రూసినర్ 'ప్రియాన్' అని పేరు పెట్టాడు, 1997లో నోబెల్ అందుకున్నాడు. అది మెదడును స్పాంజిలా తూట్లు పొడుస్తుంది కనుక అందరి చూపూ మెదడు మీదే. మా జోలికొస్తే ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ.

ఆ కొద్దిమందిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లున్నారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమంటారు. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది.

పుట్టి మూడో రోజు. సూది గుచ్చారు, గిర్రున తిప్పారు, ఎర్రకణాలు అడుక్కి పోయాయి. మమ్మల్ని కడిగి, కాల్షియం పెరిగితే వెలుగు మార్చే రంగు పట్టించి గొట్టంలో పోశారు. అడుగున బుల్లి అయస్కాంతం తిరుగుతోంది. అప్పుడు పడింది చుక్క. ప్రియాన్‌లో 106 నుంచి 126 వరకు, 21 అమైనో ఆమ్లాల ముక్క. లోపల కాల్షియం ఒక్కసారిగా పొంగింది. పళ్లెంలా ఉండేదాన్ని పల్లేరుకాయనయ్యాను. ఒంటి మీంచి బుడగల్లాంటి తునకలు రాలిపోయాయి. ఆ సంగతే 2015లో అచ్చయింది, మా పేర్లు లేకుండా.

గడ్డకట్టడం మా కులవృత్తి, మంట రాజేయడం రెండో విద్య. ఎవరు రెచ్చగొట్టినా మా దారి ఒక్కటే. సంచిలో దాచిన పి-సెలెక్టిన్ కొక్కెం బయటికొచ్చి తెల్లకణాలను పట్టుకుంటుంది. అమ్మ ఇచ్చిన చీటీ తీసి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తయారుచేస్తాం. అది తగిలితే రక్తనాళం గోడ జిగురెక్కి మరిన్ని తెల్లకణాలను ఆపేస్తుంది. రాలిన తునకలు కూడా ఆ సరుకును మోసుకుపోగలవు. వాపు అలా పాకుతుంది. అయితే ఆ గొట్టంలో నాళం గోడా లేదు, తెల్లకణాలూ లేవు. అక్కడ చూసిందంతా రోగి ఒంట్లో జరుగుతుందని నేను సాక్ష్యం చెప్పను.

గొట్టాన్ని బ్లీచ్ నీళ్లలో ముంచారు. పది రోజుల ఆయుష్షులో ఏడు మిగిలే ఉన్నాయి.