‘రిప్లే ఎయ్యుండ్రి సార్’: టీకా, తాత్పర్యము

మూలము: "రిప్లే ఎయ్యుండ్రి సార్! మావోడు లైను దొక్కలే!"

సందర్భము: రామగుండము బొగ్గుగనుల సీమలో, గోదావరిఖని మైదానమున కళాశాలల నడుమ కబడ్డీ. ఆతిథ్య కళాశాల రైడరు కూతకు పోయి, బయటి గీత వారగా తిరిగివచ్చెను. అంపైరు చేయెత్తి ఔటనెను. అంతట గట్టు మీది మూక నుండి వెలువడిన వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. రెండో షిఫ్టు ఎగ్గొట్టి వచ్చినవాడని కొందరి మతము.

ప్రతిపదార్థము: రిప్లే = జరిగినదానిని, మనకు అనుకూలమగునంత వరకు, మరల మరల చూచుట; ఎయ్యుండ్రి = వేయుడు (రూపమున ప్రార్థన, ధ్వనిలో బెదిరింపు); సార్ = పీడీ సారు, తీర్పు మారనిచో ఈ గౌరవము తొలగును; మావోడు = చుట్టరికము లేకున్నను మా జెర్సీ తొడిగినవాడు; లైను = ఉదయము సున్నముతో గీయగా మధ్యాహ్నమునకు దుమ్ములో కలిసినది; దొక్కలే = తొక్కలేదు.

పాఠాంతరము: అవతలి జట్టువారు "దొక్కిండు" అని చదువుదురు. ఇరువురికిని ఆధారము ఒక్క ఫోను వీడియోయే.

విశేషము: ఆ ఫోను ఎవరిది? పూర్వ వ్యాఖ్యాతలు ఈ ప్రశ్న జోలికి పోలేదు. ఫోను ఆతిథ్యులది, పట్టినవాడు వారి సీనియరు, నిలిచినది వారి గట్టు మీద. అచ్చటి నుండి పాదము కనబడును, గీత కనబడదు. పైగా సరిగా ఆ క్షణముననే ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు బొమ్మ వణికినదట! వీడియోను ఎచ్చట ఆపవలెనో నిర్ణయించు బొటనవ్రేలికి, విజిలూదు అంపైరు కంటె అధికారమెక్కువ. "అది కాలు గాదు సార్, నీడ" అన్నచో అపహ్నుత్యలంకారము.

శంక: మంచి కెమెరాలున్నచో తగవు తీరదా?

సమాధానము: తీరదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనలులో భారత్, ఇరాన్ 28–28తో సమముగా నుండగా, పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకు పోయి, ఎవరిని తాకకయే లాబీలో అడుగిడెను. ఆ వెంటనే ఇరాన్ డిఫెండర్లును దిగిరి. పాదములు ఎచ్చట పడినవో వీడియోలో కనబడుచునే యున్నది. వెంట దిగినవారును ఔటా కాదా, అందుకు పాత నియమమా, కొత్త నియమమా అన్నది వీడియోలో కనబడదు గదా! తీర్పు అటునిటు మారి, ఆట సుమారు గంటసేపు నిలిచెను. చివరకు 33–29తో మనమే గెలిచితిమి గనుక న్యాయము జరిగినదని మనవారి సిద్ధాంతము. ఇరాన్ వ్యాఖ్యానము వేరు.

ఇక తీర్పరి ఆతిథ్యుల పక్షమను అనుమానము వలననే క్రికెట్టులో 1986లో లాహోరు టెస్టుకు, పాకిస్థాన్, వెస్టిండీస్ నడుమ తటస్థ అంపైర్లుగా మన హైదరాబాదు వి.కె. రామస్వామిని, పీలూ రిపోర్టరును పిలిచిరి. పాకిస్థాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ కోరిక అది. సొంతగడ్డ మీద గెలిచియు మాట పడుట అతనికి విసుగు గాబోలు.

తాత్పర్యము: మావాడు తొక్కియుండవచ్చును. అయినను వీడియో మా చేతిలో నున్నది.

పీడీ సార్లకు విన్నపము: టాసుకు ముందే ఫోనును మూడవ కళాశాలవారి చేతికిచ్చి, గీత కొసన నిలుపుడు. మధ్యాహ్నము సున్నము మరల వేయించుడు.