నీడకు గ్యారంటీ ఎన్నాళ్లు?

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. హోదా వచ్చాక పార్కు, పార్కు వచ్చాక నీడ షెడ్డు తప్పదు కదా! కాంట్రాక్టరు ఎంపికకు మాత్రం ఒక్కటే పరీక్ష: ఎవరు తక్కువకు కోట్ చేశారు? ఇనుప స్తంభానికి జింకు పూత ఉందా, పునాది బోల్టు గాలిదుమారానికి ఆగుతుందా, సాయంత్రం నాలుగింటికి పడమటెండ బెంచీ మీదే పడుతుందా అని అడిగితే, 'అది ఎస్టిమేట్‌లో లేదు' అనేస్తారు. రేకు కింద వేడి పోయే దారి వదలకపోతే, పెనం మీద జొన్నరొట్టె పడే కష్టమేంటో మే నెలలో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

కప్పు ఎలా నిలుస్తుందో చూడ్డానికి స్టడీ టూరంటూ విదేశాలకు పోనక్కర్లేదు సార్లూ, అలంపురం దాకా వెళ్తే చాలు. చాళుక్యుల గుళ్ల రాతి కప్పులు 7వ శతాబ్దం నుంచీ అక్కడే ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అదీ నిక్షేపంగా ఉంది. ఊరు మారిన గుడే నిలబడితే, ఉన్నచోటే ఉండే షెడ్డుకేం రోగం? ఒకటి మాత్రం నిజం: చివరి బిల్లు పాసయ్యేదాకా నిలిస్తే చాలన్న వెసులుబాటు పాపం, చాళుక్యుల మేస్త్రీలకు లేదు!