నాది ప్రశ్న కాదండీ

పుస్తకావిష్కరణ సభ చివర్లో అధ్యక్షులవారు "ఇంకెవరైనా మాట్లాడదలుచుకుంటే..." అని వాక్యాన్ని సగంలో వదిలేస్తారు. పూర్తిచేస్తే నిజంగానే ఎవరైనా లేస్తారేమోనని ఆయన భయం. సభలో సగంమంది సెల్‌ఫోన్లలోకి తలలు దించుకుంటారు. మిగతా సగం టీ వచ్చిందేమోనని గుమ్మం వైపు చూస్తుంటారు. వెనకనుంచి మూడో వరసలో, ఫ్యాను కింద సీటు ముందే చూసుకుని కూర్చున్న పెద్దమనిషి మాత్రం లేస్తాడు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమైనా, చిక్కడపల్లి గానసభ అయినా ఆయన లేచే తీరు ఒకటే. ముందు కళ్ళజోడు మారుతుంది, తర్వాత సంచి భుజానికెక్కుతుంది, ఆ తర్వాత మనిషి. మైకు చేతికి రాగానే వేలితో రెండుసార్లు కొట్టి చూసి, "నాది ప్రశ్న కాదండీ" అంటాడు.

ప్రశ్నే అయితే బాగుండును. ఏదో ఒక జవాబు చెప్పి బయటపడొచ్చు.

"నేను మీకు చాలా పాత పాఠకుణ్ణి. మీ మొదటి కథ నుంచీ వదలకుండా చదువుతున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళే మొదటిసారి మాట్లాడుతున్నాను. తప్పులుంటే మన్నించాలి."

వేదిక మీద రచయిత చేతులు జోడిస్తాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు అంతరిక్ష నౌకలు నడుపుకునే కుర్రవాడు పాపం. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి మొదటి కథ నుంచీ చదివిన మనిషి కనబడడమంటే మాటలా? కళ్ళు చెమరుస్తాయి. ఆ నాలుగు వాక్యాలూ వకీలు నోటీసులో మొదటి పేరా లాంటివని అతనికింకా తెలీదు. 'మన్నించాలి' తర్వాత వచ్చే 'అయితే' దగ్గర తెలుస్తుంది.

"అయితే, నలభై ఏడో పేజీలో అంగారకుడి మీద ఉన్న అమ్మాయి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడింది. ఈవిడ 'తిన్నావా' అనగానే ఆవిడ 'తిన్నానమ్మా' అంది. అంత దగ్గరలో ఉందాండీ అంగారకుడు? అది భూమికి బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా మాట అక్కడికి చేరడానికి 3 నిమిషాలు, తిరిగి రావడానికి మరో 3. తల్లీకూతుళ్ళ మధ్య 6 నిమిషాల మౌనం! ఎంత గొప్ప సన్నివేశం చేజార్చుకున్నారు సార్!"

ఇక్కడే ఈయన మిగతా పాత పాఠకులకు వేరుగా నిలబడతాడు. సాంఘిక నవలల పాఠకుడు కూడా నిలదీస్తాడు, కథానాయిక ఆ పెళ్ళికి ఒప్పుకోకుండా ఉండాల్సిందని. ఆవిడిష్టం అని రచయిత తప్పుకోవచ్చు. కాంతి వేగం ఎవరిష్టమూ కాదు. పైగా ఈయన విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. లెక్క తప్పితే ఏమవుతుందో ట్రాన్స్‌ఫార్మర్లు పేలగా కళ్ళారా చూసినవాడు.

అధ్యక్షులవారు గడియారం చూసుకుంటారు. అది ఈయనకీ కనబడుతుంది. "ఒక్క నిమిషం" అని సంచిలోంచి ఓ పుస్తకం తీస్తాడు. లారీ నివెన్ 'రింగ్‌వరల్డ్'. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది. అట్ట లోపల ఏదో అద్దె లైబ్రరీ ముద్ర, దాని కింద పాత యజమాని సంతకం, ఆ సంతకం మీద ఈయన సంతకం. ఆనవాలుగా పెట్టిన ఆర్టీసీ టికెట్టు మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. చివరి ఖాళీ కాగితం మాత్రం ఖాళీ లేదు. పెన్సిలుతో సన్నగా, కిందికి పోనుపోను ఇంకా సన్నగా, లెక్కలు.

"1970లో వచ్చిందండీ. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ ఇంచుమించు భూకక్ష్య అంత ఉంగరం కట్టి, దాని లోపలి అంచున మనుషుల్ని కాపురం పెట్టించాడు. ఎంత ఊహ! మరుసటేడు బోస్టన్‌లో వరల్డ్‌కాన్, అదే సైన్స్ ఫిక్షన్ అభిమానుల ప్రపంచ సభ, జరిగింది. ఎం.ఐ.టి. కుర్రాళ్ళు హోటలు నడవాల్లో తిరుగుతూ 'రింగ్‌వరల్డ్ నిలబడదు' అని నినాదాలు చేశారు. ఊరేగింపండీ, ఒక నవల మీద! వాళ్ళ మాటే నిజం. అలాంటి గట్టి ఉంగరం ఓ వెంట్రుకవాసి పక్కకి జరిగితే చాలు, జరిగినకొద్దీ ఇంకా జరిగి నక్షత్రాన్ని గుద్దుకుంటుంది. శని వలయాలు గట్టి పలకలై ఉండడానికి వీల్లేదని మాక్స్‌వెల్ 1859లోనే తేల్చిపెట్టాడు. నివెన్ ఏం చేశాడు? కోప్పడ్డాడా? ఉంగరాన్ని దారిలో పెట్టే యంత్రాలు బిగించి, 1980లో ఇంకో నవలే రాశాడు!"

రచయిత నవ్వబోయి ఆగిపోతాడు. తనతో కూడా ఇంకో నవల రాయిస్తారా ఏమిటి అన్న అనుమానం మొహంలో కనబడుతుంది.

ఆ పుస్తకం మొదటి ముద్రణలో ఇంకో తప్పు ఉంది. పుట్టినరోజును పొడిగించుకోవడానికి కథానాయకుడు ఊరూరూ దూకుతూ తూర్పుకి పోతాడు. పడమటికి పోవాలి కదా. అంటే ఆ ముద్రణలో భూమి వెనక్కి తిరుగుతుందన్నమాట. తర్వాత దిద్దారు గానీ, ఆ తప్పు ఉన్న ప్రతులకే సేకరించేవాళ్ళ దగ్గర గిరాకీ. మన పెద్దమనిషి ఆబిడ్స్‌లో ఆ పుస్తకం ఎప్పుడు కనబడ్డా నిలబడి మొదటి అధ్యాయం చదువుతాడు. భూమి సరిగ్గా తిరుగుతుంటే నిట్టూర్చి, పుస్తకం కింద పెట్టేస్తాడు.

తప్పులు పట్టడం ఈయన మొదలుపెట్టిందేమీ కాదు. ఈ వంశం పెద్దది. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ న్యూయార్కులో 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక మొదలుపెట్టి, పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చేశాడు. అదే కొంప ముంచింది. రచయిత మీద కోపం వచ్చిన కుర్రాళ్ళకి ఒకరి ఇల్లు ఒకరికి తెలిసిపోయింది. ఉత్తరాలు రాసుకున్నారు, కలుసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, క్లబ్బులు చీల్చుకున్నారు. మనవాళ్ళ సాహిత్య సంఘాల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు. 1953లో హాల్ క్లెమెంట్ ఏకంగా ఎదురెళ్ళాడు. తన నవలలోని గ్రహాన్ని ఎలా లెక్కగట్టాడో వ్యాసం రాసి, తప్పు పట్టుకోవడం పాఠకుడి వంతు, దొరక్కుండా రాయడం తన వంతు, ఇదో ఆట అన్నాడు. ఎం.ఐ.టి. వాళ్ళు ఊరుకుంటారా? ఆ గ్రహం అంత వేగంగా తిరిగితే నడుము దగ్గర పదునుగా అంచు తేలాలని లెక్క తీశారు. రాబర్ట్ హైన్‌లైన్ మటుకు తెలివైనవాడు. వచ్చే ఉత్తరాలు తట్టుకోలేక రకరకాల జవాబులు ఒకే కాగితం మీద ముందే అచ్చు వేయించుకుని, వర్తించే దాని పక్కన టిక్కు పెట్టి పంపేవాడు. మన రచయితలకు ఆ సౌకర్యం లేదు. చిరునవ్వు ఒక్కటే ఉంది, అదీ ఇరవై నిమిషాలకి మించి నిలవదు.

ఇంట్లో ఈయన పరిస్థితి వేరు. ఆర్థర్ క్లార్క్ '2001' నవలలో డిస్కవరీ నౌక శనిగ్రహానికి వెళ్తుంది. అదే 1968లో వచ్చిన సినిమాలో గురుగ్రహానికి వెళ్తుంది. 1982లో రెండో నవల రాస్తూ క్లార్క్ తన నవలను పక్కన పెట్టి సినిమా దారి పట్టాడు. ఈ అన్యాయం మీద ఈయనకి ఇప్పటికీ నిద్ర పట్టదు. ఒక రాత్రి లేచి కూర్చుని, అసలు ఆ నౌక ఎటు పోయినట్టు అని అడిగితే భార్య అటు తిరిగి పడుకునే అందిట: "శని వదిలితే గురుడు, గురుడు వదిలితే శని. మీ జాతకమే అంతండీ, పడుకోండి."

'ఆదిత్య 369' వచ్చినప్పుడు, 1991లో, ఆయన థియేటర్లో పక్క సీటువాడికి చెప్పిన సంగతి ఇప్పటికీ గుర్తు చేసుకుంటాడు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పోతోంది కదా, కాలయంత్రం కాలంలో మాత్రమే కదిలి 1526కి వెళ్తే అక్కడ రాయలవారి రాజ్యం ఎందుకుంటుంది, ఉత్త శూన్యం ఉంటుంది అని. పక్కవాడు లేచి వేరే సీటుకి పోయాడు. ఈయన మాత్రం ఆ సినిమా మళ్ళీ మళ్ళీ చూశాడు. తప్పు నిర్ధారణ చేసుకోవడానికట. విజయనగరం రాగానే మొహం వెలిగిపోవడం చూసినవాళ్ళున్నారు.

ఇలాంటివాణ్ణి సభలకి ఎందుకు రానిస్తారని అడగొచ్చు. ఆ సాయంత్రం మాట్లాడినవాళ్ళ సంగతి కూడా చూడాలి మరి. ముఖ్య అతిథి తన బాల్యం గురించి చెప్పాడు. ఆత్మీయ అతిథి ముఖ్య అతిథి గురించి చెప్పాడు. సమీక్షకుడు వెనక అట్ట చదివాడు. నా అంచనాలో ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళు ఇద్దరే, ప్రూఫులు దిద్దినాయన, ఈయన. ప్రూఫులు దిద్దినాయన సభకి రాలేదు. రచయితకు కూడా గుర్తులేని రోబో వంటవాడి ఎడమచేతి చిటికెన వేలు మూడో అధ్యాయంలో విరిగి ఎనిమిదో అధ్యాయంలో అతుక్కుందని గమనించినవాడు, ఆ మరమ్మతు ఎవరు చేసి ఉంటారని రెండు రోజులు ఆలోచించినవాడు ఈయనొక్కడే. రాసినవాడికి ఇంతకన్నా ఏం కావాలో నాకు తెలీదు. సన్మానం కావాలంటారా, ఆ శాలువా సంగతి వేరు.

ఎట్టకేలకు మైకు లాక్కుంటారు. వందన సమర్పణ అవుతుంది. టీ దగ్గర ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటున్న రచయితని ఈయన మూలకి తీసుకుపోతాడు. ఇప్పుడు గొంతు మారుతుంది. తనకి బాగా ఇష్టమైన కథ చెబుతాడు. 1948లో 'అస్టౌండింగ్' పత్రికకి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. అందులో, ఏడాది తర్వాత 1949 నవంబరులో రాబోయే సంచికని సమీక్షించేశాడు. ఏ కథ ఎవరిది, ఏది బాగుంది, ఏది తేలిపోయింది, అన్నీ. సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ ఆ ఉత్తరం అచ్చేసి, మాట్లాడకుండా ఆయా రచయితల వెంటపడి, సరిగ్గా ఏడాదికి ఆ పేర్లతో వీలైనన్ని కథలు రాయించి సంచిక తెచ్చాడు. "పాఠకుడి మాట నిలబెట్టారండీ" అంటూ ఈయన కళ్ళజోడు తుడుచుకుంటాడు.

తుడుచుకుని, సంచిలోంచి మడతపెట్టిన రెండు ఠావులు తీసి చేతిలో పెడతాడు. గుండ్రటి చేతిరాత. పైన తేదీ వచ్చే ఏడాదిది.

"ఆదివారం అనుబంధంలో మీ ఇంటర్వ్యూ చూశాను, తర్వాతి నవల రాస్తున్నానన్నారు కదా. దాని మీద నా అభిప్రాయం."

రచయిత కప్పు కిటికీ గట్టు మీద పెట్టి చదువుతాడు. "సార్, నేనింకా నలభయ్యో పేజీ దగ్గరే ఉన్నాను."

"తెలుసు బాబూ. అందుకే ముందుగా ఇస్తున్నాను."

అతను రెండో ఠావు తిప్పి అటూ ఇటూ చూశాడు. వినేవాళ్ళెవరూ లేరు.

"చివరికి ఆ నౌక ఇల్లు చేరుతుందా సార్? నాకు అక్కడే ఆగిపోయింది."

"ఎలా చేరుతుంది? తొంభయ్యో పేజీలో ఇంధనం లెక్క తప్పారుగా!"