ఏకపద్యవ్యాఖ్య, అనగా స్మృతిశేషమైన స్టీరియో ఆంప్లిఫైయరు నామనిర్ణయము

అవతారిక

మూలమున లేనిది వ్రాయనని ప్రతిన పట్టిన కోలాచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికెను. మాకు దొరికినది యీ యొక్క ఆటవెలది. కర్త పేరు తెలియదు. ఆయన డెబ్బదుల దశకమున అమెరికాలో విద్యాభ్యాసము చేసిన తెలుగువాడనియు, సహపాఠి గదిలో ఒకనాడు వినిన సంగీతమును మరువలేక, దానిని మ్రోగించిన ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు పేరును మాత్రము సంపూర్ణముగా మరచి, తెలిసినవారి నడుగుటకై దీనిని రచించెననియు ప్రతీతి. వచనమున నడిగిన నది మరపు అనిపించుకొనును. పద్యమున నడిగినచో ధ్వని అనిపించుకొనును. ఈ రహస్యమెరిగిన కవికి నమస్కరించి వ్యాఖ్యకు ఉపక్రమించుచున్నాము.

మూలము

వెండి మోమునందు రెండు ముండ్లును గల
పిడులు రెండు గలుగు పెట్టె; బరువు;
నూరు వాట్ల కెగువ నుండునో, నాడు నే
విన్న దాని పేరు వెదకి యిండు.

అన్వయము

నేను నాడు విన్న, వెండి మోమునందు రెండు ముండ్లును, రెండు పిడులును గల పెట్టె యేది కలదో, బరువైనది యేదియో, నూరు వాట్లకు పైబడినదని సందేహింపబడునది యేదియో, దాని పేరును వెదకి యిండు అని యన్వయము. ‘పెట్టె’ తరువాత విరామ ముంచవలెను. ‘పెట్టెబరువు’ అని సమాసము చేసిన లేఖకులు కొందరు గలరు గాని, వారు ఆ పెట్టెను మోసినవారు కారు.

టీక

వెండి మోమునందు: వెండివంటి మోమునందు అని లక్షణార్థము, వస్తుతః అల్యూమినియము. ఆ దశకమున అమెరికా జపానుల తయారీదారులలో అధికసంఖ్యాకులు గీతలు పడునట్లు రుద్దిన అల్యూమినియపు పలకనే ముఖముగా నమర్చిరి. న్యూయార్కు రాష్ట్రమున బింగ్‌హాంటను పట్టణమునందలి మెకింతాష్ వారిది నల్లని గాజు మోము, అందు నీలముగా వెలుగు మీటర్లు. ఇంగ్లండున హంటింగ్‌డన్ పట్టణమునందలి, పీటర్ వాకర్ నెలకొల్పిన క్వాడ్ సంస్థవారి 303, 1967లో వెలువడినది, కంచురంగు పొలుసులతో చిన్న యినుపపెట్టెవలె నుండును. మరాంట్జ్ వారి మోము బంగారుచాయ కలది. కావున ‘వెండి’ యను విశేషణము ఈ మువ్వురిని వెలుపలికి పంపి, తక్కిన యూరినంతయు లోపలనే యుంచుచున్నది. విశేషణమనగా వ్యావర్తకము అని శాస్త్రకారు లందురు. ఈ విశేషణమునకు వ్యావర్తనశక్తి మిక్కిలి స్వల్పము.

రెండు ముండ్లును: కుడి యెడమ ఛానెళ్ల శక్తిని చూపు మీటర్ల ముండ్లు. వీని చేత ఇండియానాలోని ఎల్క్‌హార్టున బుట్టిన క్రౌన్ డి.సి.-300 తొలగినది. అది 1967 నాటిది, ఛానెలునకు 150 వాట్లది, మిషనరీలకు టేపు రికార్డర్లు చేసి పేరొందిన సంస్థ నిర్మించినది. గుణములన్నియు గలవు, ముండ్లు మాత్రము లేవు. ఈ మీటర్లనుగూర్చి యొక మాట చెప్పవలసియున్నది. సామాన్యమైన గదిలో సామాన్యముగా వినువానికి ఖర్చగునది సుమారు ఒక్క వాటు. కొలత లాగరిథమ్ ననుసరించి గీయబడినందున ముల్లు ఆ యొక్క వాటునకే కొంత కదలి, వందల వాట్ల యంత్రము పనిచేయుచున్నదను సంతృప్తిని యజమానికి ప్రసాదించును. మన కవి ముండ్లు గలవనెనే గాని యాడినవని చెప్పలేదు. సత్యవాది.

పిడులు రెండు గలుగు: రేడియో స్టేషనులయందును టెలిఫోను కార్యాలయములయందును యంత్రములను 19 అంగుళముల వెడల్పుగల యినుపచట్రములలో నొకదానిపై నొకటి బిగించుట వాడుక. బిగించుటకును ఊడదీయుటకును పట్టు కావలెను గనుక ముఖమునకు పిడులు. ఇంటిలో సోఫా ప్రక్కన బల్లమీద కూర్చుండు పెట్టెకు వీనితో నేమి ప్రయోజనమని యడుగరాదు. గండపెండేరమునకు నడకతో నేమి ప్రయోజనము? ఆ దశకమున స్టూడియోపరికరమువలె కనబడుటయే గృహయంత్రమునకు గౌరవము. ఇందువలన పిడులును వెండివంటివే, అనేకసాధారణములు.

బరువు: ఈ పదమునొద్ద ప్రాచీనులు త్వరగా సాగిపోయిరి, మేము నిలుతుము. ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరునందు బరువనగా ప్రధానముగా విద్యుత్తును గ్రహించు ట్రాన్స్‌ఫార్మరులోని యినుము, రాగి. వాల్వుల కాలమున స్పీకరునకు ముందు మరియొక ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి; వాల్వు నిరోధము వేలలో, స్పీకరు నిరోధము ఎనిమిది ఓముల లెక్కలో నుండుటచే రెండింటికి సంధి కుదుర్చువాడొకడు కావలసెను. ట్రాన్సిస్టరు స్పీకరుతో నేరుగా మాటలాడగలదు గనుక ఆ దూత యుద్యోగము పోయినది. మెకింతాష్ వారు మాత్రము ఆతనిని ఆటోఫార్మరను పేర కొలువులోనే యుంచుకొనిరి. తత్ఫలితముగా వారి ఎం.సి.2300, ఛానెలునకు 300 వాట్లది, 128 పౌనులు తూగును. అనగా దాదాపు 58 కిలోలు. గ్రేట్‌ఫుల్ డెడ్ అను గాయకబృందము 1974లో వేదిక వెనుక ‘వాల్ ఆఫ్ సౌండ్’ అను స్పీకర్ల గోడను లేపి, దానికి వీనిని 48 వినియోగించెను. వానిని ఊరూర మోసిన కూలీలలో నొకడైనను ఈ పద్యమును వ్రాసియుండినచో, ‘బరువు’ అను మూడక్షరములతో తృప్తి చెందియుండడని మా విశ్వాసము. కావున ఇది ఆ బరువు కాదు, మధ్యమమైన బరువు.

నూరు వాట్ల కెగువ నుండునో: ఇది పద్యమున కెల్ల మర్మస్థానము. ‘ఉండునో’ యను సందేహార్థకముచే కవి తన ప్రమాణమును తానే శిథిలము గావించుకొనెను, అది వినయమని కొందరు, నేర్పని మేము. ఏలయన, ఏ వాట్లు? 1974కు పూర్వము అమెరికాలో వాటనగా అమ్మువాని యుత్సాహమునకు కొలమానము. ఛానెలునకు నిలుకడగా 25 వాట్లిచ్చు యంత్రమును గైకొనుడు. రెండు ఛానెళ్లను కూడిన 50. తరంగపు శిఖరముకడ క్షణకాలము కొలిచిన నది రెట్టింపై 100. ఇందు గణితదోషము లేశమును లేదు, ప్రకటనపత్రమున ‘నూరు వాట్లు’ అని పెద్ద యక్షరములతో ముద్రింపబడును. ఆ సంవత్సరము ఫెడరల్ ట్రేడ్ కమిషను వారు శాసనము చేసిరి: ఎన్ని ఓముల భారముమీద, ఏ పౌనఃపున్యము మొదలు ఏ పౌనఃపున్యము వరకు, ఎంత వికృతితో, రెండు ఛానెళ్లను ఒక్కసారి నడుపుచు ఎన్ని వాట్లు నిలుకడగా వచ్చునో చెప్పవలెననియు, అట్లు కొలుచుటకు ముందు మూడవవంతు శక్తితో గంటసేపు యంత్రమును కాగనీయవలెననియు. ఈ మూడవవంతనునది చూచుటకు దయవలె తోచును గాని క్రూరశిక్ష. నాటి యంత్రములకు పూర్ణశక్తియందుకంటె ఆ మధ్యస్థితియందే ట్రాన్సిస్టర్లలో వేడి యధికముగా బుట్టును. ఆ గంట గడచుట కొరకే పెక్కు పెట్టెలకు వేడిరెక్కలు పెరిగినవి.

మరియు, చెవికి వాట్లు తెలియవు. శక్తి రెట్టింపైనను చెవికి గలుగు భేదము 3 డెసిబెల్లులు, అనగా తెలియునంతయే గాని గొప్పది కాదు. ధ్వని రెట్టింపైనట్లు తోచవలెనన్న శక్తి పదిరెట్లు కావలెను. కాబట్టి కవి వాట్లను వినలేదు, ఎక్కడనో చదివెను, లేదా సహపాఠి చెప్పెను. సహపాఠులు చెప్పు వాట్లపై ఏ ప్రభుత్వమును నేటివరకు శాసనము చేయలేదు.

నాడు: సిలికాను పవర్ ట్రాన్సిస్టర్లు నమ్మదగినవై చౌకబడిన అరువదుల నడిమి భాగము దీనికి పూర్వావధి. అప్పటికిని పి.ఎన్.పి. జాతివి తగినంత బలముగలవి సులభముగా దొరకమిచే, ఎన్.పి.ఎన్. జాతివానినే రెండువైపుల నిలిపి, ఒకదానిచే తోయించి మరియొకదానిచే లాగించు నుపాయమును పెక్కురు అవలంబించిరి, 1956లో హెచ్.సి. లిన్ చూపిన మార్గమది. డైనాకో వారి స్టీరియో 120, పైని జెప్పిన క్వాడ్ 303 మున్నగువానియందు స్పీకరునకు ముందు పెద్ద కెపాసిటరు నిలుచును. స్విచ్చి వేయగానే అది నిండుటలో స్పీకరు ‘ధబ్బు’మను. రెండు విద్యుత్పీఠములపై నిలిచి ఆ కెపాసిటరును త్యజించిన యంత్రములలో ఆ ప్రమాదము తగ్గును గాని, ట్రాన్సిస్టరొకటి చెడినచో విద్యుత్తంతయు స్పీకరులోనికే పోయి దాని తీగచుట్టను మాడ్చును. హా కవీ! స్విచ్చి వేసినపు డది ధబ్బుమనెనా లేదా యని యొక్క గణమైనను వ్యయింపక, వెండికిని పిడులకును అరపద్యము ధారపోసితివే! ఆ ధబ్బు దెలిసిన ఆంప్లిఫైయరు వంశము సగము తేలియుండెడిది. వెనుకవైపున ఫ్యూజు లెన్ని, తీగలు బిగించు మరలెట్టివి, లోపలి పొటెన్షియోమీటరుమీద ముద్రించిన యంకె లెవ్వి? 1377423 అని యున్నచో, 137 సి.టి.ఎస్. అను తయారీదారుల గుర్తు, 74 సంవత్సరము, 23 వారము. పెట్టె యంతకు ముందు పుట్టినది కాదని యొక చిన్న భాగము సాక్ష్యమిచ్చెడిది. అందరును మోము చూతురు, మోములన్నియు నొక్కటే. పేరు వెనుక వ్రాసియుండును, అచ్చటికి గోడవలన నెవ్వడును పోడు.

విన్న: ‘చూచిన’ అనక ‘విన్న’ అనుటలో స్వారస్యము గలదు. వినబడినది స్పీకరు, ఆంప్లిఫైయరు వినబడునా యన్నది వివాదాస్పదము. 1985లో బాబ్ కార్వర్ అను శిల్పి, స్టీరియోఫైల్ పత్రికవారు మెచ్చిన మిక్కిలి వెలగల వాల్వు ఆంప్లిఫైయరు ధ్వనిని తన ట్రాన్సిస్టరు యంత్రమునకు దింపెదనని పందెము పలికి, రెండింటి నిర్గమములను ఒకదానినుండి నొకటి తీసివేసి మిగులు శూన్యము కడకు వచ్చువరకు సవరించి, ఆ పత్రికవారి చెవులు భేదము పట్టలేవని యొప్పించెను. అట్టియెడ ‘విన్న’ అను పదము గుర్తుపట్టుటకు లేశమును తోడ్పడదు. కవి అచ్చట నుండెనని మాత్రము సాక్ష్యము.

శంక: ఇది వాల్వు యంత్రమే యేల కాగూడదు? సమాధానము: 1961 నాటి మెకింతాష్ ఎం.సి.275 అంతటి ప్రఖ్యాతమైన స్టీరియో వాల్వు యంత్రమే ఛానెలునకు 75 వాట్లకు నిలిచినది. నూరు దాటినవి యరుదు. పైగా వాల్వులు వెలుగుచుండును. కవి చీకటిగదిలో ఎఱ్ఱని వెలుగును చూచి పద్యమున బెట్టకుండునా?

సిద్ధాంతము

తొలుత నొక పక్షము: ఫేజ్ లీనియర్ 700. వాషింగ్టను రాష్ట్రమున పైని జెప్పిన కార్వరే డెబ్బదుల తొలినాళ్లలో నిర్మించినది, ఛానెలునకు 350 వాట్లు, వెండిమోము, రెండు పెద్ద మీటర్లు, చట్రమున కమరు వెడల్పు. గిట్టనివారు దానిని ‘ఫ్లేమ్ లీనియర్’ అనిరి. మాడిన స్పీకర్లు గలవారు అందురు గాక. మఱియొక పక్షము: పయొనీర్ స్పెక్-2. దశకపు నడుమ జపానునుండి వచ్చినది, ఛానెలునకు 250 వాట్లు, వెండిమోము, రెండు ముండ్లు, రెండు పిడులు. ప్రతిపదమును రెండింటికి నతుకుచున్నది. అల్పులైన వ్యాఖ్యాత లిచ్చట సందేహమున బడుదురు. పింగళి సూరన రాఘవపాండవీయము వ్రాసిన భాషలో సందేహ మెందుకు? ఈ పద్యము ద్వ్యర్థి. ఒక యర్థమున ఫేజ్ లీనియరు, రెండవ యర్థమున స్పెక్-2, కవి శ్లేషను సాధించెను. తరువాతి కాలమున పయొనీరువారు ఫేజ్ లీనియరు సంస్థను కొనుటచే రెండర్థములు నొక్క యింటిలో జేరుట ఈ వ్యాఖ్యకు దైవానుకూలము.

అలంకారము: శ్లేషయని చెప్పితిమి. ‘ఉండునో’ చేత సందేహాలంకారము గూడ గలదు. రెండును ఒక్కచోట నుండుట సంకరము.

తాత్పర్యము

ఏదో ఒక ఆంప్లిఫైయరు. బాగుండెను.

పాఠాంతరము

వేరొక ప్రతియందు రెండవ పాదము ‘పిడులు లేని మూగ పెట్టె, బరువు’ అని కానవచ్చుచున్నది. గణయతులు నిర్దుష్టములు. దీనిని గ్రహించినచో, పిడులవలన నిలిచిన స్పెక్-2 తొలగి, వి-ఫెట్ అను జాతి ట్రాన్సిస్టర్లతో సోనీవారు చేసిన టి.ఏ.-ఎన్8550 వంటివి ముండ్లతో వచ్చి ద్వారమున నిలుచును, శ్లేష చెడును, వ్యాఖ్య మొదటినుండి తిరుగ వ్రాయవలసివచ్చును. కనుక ఇది లేఖకప్రమాదమని నిశ్చయించితిమి.

ఇంతవరకు వ్రాసి యుండగా కవిగారినుండి యుత్తరము వచ్చినది. ముండ్లు నీలపు వెలుగులో నున్నట్లు తోచుచున్నదనియు, మోము వెండియని ప్రాసయతికొరకే వ్రాసితిననియు, అసలు ఆ పెట్టె రెండు స్పీకర్లకు రెండుగా నుండెనేమో యనియు వారి విన్నపము. రెండు పెట్టెలైనచో అది స్టీరియో ఆంప్లిఫైయరే కాదు. ఆ యుత్తరమును ప్రక్షిప్తముగా నెంచి అనుబంధమున జేర్చితిమి. కవిగారికి మాత్రము, ఆ సహపాఠి యింకను ఆ పెట్టెను అటకపై నుంచియున్నచో, తీగ యూడదీసి, కెపాసిటర్లు చల్లారువరకు తాళి, వెనుకకు త్రిప్పి చూడుమని వ్రాసితిమి.