తలుపు తిప్పిన పాపానికి

మా ఇంట్లో స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకునేది. ఇప్పుడు బయటికి తెరుచుకుంటోంది. ఈ రెండు వాక్యాల మధ్య నలభై రెండు రోజులు, ఒక వడ్రంగి, ఒక మేస్త్రి, ఒక ఎలక్ట్రీషియను, ఒక వాస్తు సిద్ధాంతి, మా బావగారి ఉచిత సలహాలు ఇరుక్కుని ఉన్నాయి. ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలో తేలక, నేరుగా పాఠక మహాశయుల ముందే దాఖలు చేసుకుంటున్నాను.

మాది రాయచూరు జిల్లా, సింధనూరు పక్కన ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమ కాలువ వెంట భూములు వెతుక్కుంటూ వచ్చిన గోదావరి జనంలో మా తాతగారొకరు. అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ ఐదెకరాలు కొని, నల్లరేగడిలో వరి నాటారు. ఆయన హయాంలో స్నానాలగది పెరట్లో ఉండేది. తలుపు స్థానంలో గోనెపట్టా. అది లోపలికీ తెరుచుకునేది, బయటికీ తెరుచుకునేది, గాలొస్తే ఎవరూ అడక్కుండానే తెరుచుకునేది. దాని వెనక ఎవరూ ఇరుక్కున్న దాఖలా లేదు. నేను నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి గనక పడకగదికి ఆనించి అటాచ్‌డ్ కట్టించాను.

గది వెడల్పు నాలుగడుగులు. తలుపు రెండున్నర అడుగులు. అంటే గదిలో సగానికి పైగా తలుపుగారి జమీను. మిగిలింది మనుషులు, బకెట్టు, కమోడు వాటాలు వేసుకోవాలి. లోపలికి వెళ్లి తలుపు వెయ్యాలంటే గోడకు బల్లిలా అతుక్కుని, పొట్ట బిగబట్టి, రెక్కను ముక్కు ముందు నుంచి సాగనంపాలి. భోజనానికి ముందు అది సాధ్యం. భోజనం తర్వాత సాధన.

పదేళ్లు ఈ సాధన చేశాం. మొన్న శ్రావణంలో మా అమ్మ లోపల కాలుజారి, సరిగ్గా తలుపుకు వీపు ఆనించి కూలబడింది. మేం బయట నుంచి నెడితే ఆవిడకు దెబ్బ, నెట్టకపోతే దారి లేదు. బందులు విప్పుదామా అంటే లోపలికి తెరుచుకునే తలుపుకు బందులూ లోపలే ఉంటాయి. చివరికి పక్కింటి కుర్రాడు వెంటిలేటరు అద్దాలు ఊడదీసి దూరాడు. ఆవిడకు దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. అర్ధగంట సేపు లోపల నుంచి ఒకటే కేక: “ఒరేయ్, నా సంగతి తర్వాత, పొయ్యి మీద పాలు చూడండిరా!”

ఆ రాత్రే ప్రతిజ్ఞ చేశాను. తలుపు తిప్పాల్సిందే.

సిద్ధాంతిగారు అభ్యంతరం లేవదీశారు. ఇంట్లో ఏ తలుపైనా లోపలికే తెరుచుకోవాలట, లేకపోతే లక్ష్మి గుమ్మంలోనే వెనక్కి మళ్లిపోతుందట. “స్నానాలగదిలోకి లక్ష్మి ఎందుకండీ?” అంటే ఆయన పంచాంగం మూసేశారు. మా బావగారు ఇంకో అడుగు ముందుకేసి రాయచూరు కోటను సాక్షిగా పిలిచారు. “1294లో కట్టిన కోట బావా! నౌరంగీ దర్వాజా, మక్కా దర్వాజా, కాటీ దర్వాజా... అంతంత తలుపులు లోపలికి తెరుచుకోలేదూ?” నిజమే. శత్రువు ఏనుగుతో గుద్దించినా వెనక అడ్డమాను ఆపాలి గనక కోట తలుపులు లోపలికి పెడతారు. కానీ మా స్నానాలగది మీదికి దండెత్తి వచ్చేవాళ్లెవరు? 1520లో కృష్ణదేవరాయలంతటివాడు బిజాపూరు సేనను ఓడించి రాయచూరు కోటలో అడుగుపెట్టాడు. నేను నా తల్లి పడిపోతే నా ఇంట్లో నాలుగడుగుల గదిలోకి అడుగుపెట్టలేకపోయాను.

నవ్వులాటకు కాదుగానీ, ఈ విషయం పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. 1883లో ఇంగ్లండులోని సండర్‌లాండులో ఒక హాలు మెట్ల కింద, లోపలివైపుకు తెరుచుకునే తలుపును ఒక్క మనిషి పట్టేంత సందు వదిలి బోల్టు వేసి ఉంచారు. బహుమతుల కోసం కిందికి పరిగెత్తిన పిల్లల్లో 183 మంది ఆ తలుపు వెనక ఊపిరాడక పోయారు. జనం గుమిగూడే చోట తలుపులు బయటికి తెరుచుకోవాలన్న పట్టుదల అలాంటి చావుల నుంచి పుట్టింది. ముసలివాళ్లకూ వికలాంగులకూ అనువైన మరుగుదొడ్డి తలుపు బయటికైనా తెరుచుకోవాలి, పక్కకైనా జరగాలి, 900 మిల్లీమీటర్ల దారి వదలాలి అని మన కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. మా మేస్త్రికి ఇవేవీ అందలేదు. ఆయనకు అందింది ఆ రోజు ద్వారబంధం ఏ చేత్తో ఎత్తాడో ఆ చెయ్యి మాత్రమే.

ఇక వడ్రంగి. చూసీ చూడగానే “ఆగ్తద బిడ్రీ సావ్కార” అన్నాడు, అయిపోతుంది వదిలెయ్యండి అని. వదిలేశాను. వారం పోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా “నాళె బర్తీన్రీ”. తొంభైలలో మనవాళ్లు తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకునేవాళ్లు గుర్తుందా? కన్నడదేశంలో దాన్నే “నాళె బా” అని రాశారు. అప్పుడు దయ్యాన్ని రేపు రమ్మనేది మనం. ఇప్పుడు రేపొస్తానని మనకు చెప్పేది వడ్రంగి. దయ్యమే నయం, రోజూ వచ్చి చదువుకుని పోయేదట.

నాకు కోపమొస్తే కన్నడం జారిపోయి గోదావరి బయటపడుతుంది. ఒకరోజు ఫోన్లో “తలుపు సంగతేమిటయ్యా?” అని అరిచాను. అవతల నుంచి వినయంగా జవాబు: “నానిన్నూ తలుపిల్ల రీ.” కన్నడంలో తలుపు అంటే చేరుకోవడం. తానింకా చేరలేదని ఆయన మనవి. మన వాకిలి, వాళ్ల బాగిలు ఒకే తల్లి పిల్లలు. తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాళ్లు చేరతారు, మనం మూస్తాం.

చేరాక అసలు రహస్యం చెప్పాడు. తిప్పాల్సింది రెక్కను కాదు, ద్వారబంధాన్నట! రెక్క ఒదిగి కూచోవడానికి చట్రంలో గాడి ఒకవైపే తీస్తారు. ఆ చట్రానికి ఇనప పట్టీలు బిగించి గోడలో సిమెంటుతో పాతేస్తారు. దాన్ని పెకలిస్తే టైల్సు దాని వెంటే వస్తాయి. అందుకని చట్రాన్ని అలాగే ఉంచి, పాత గాడిని కర్రముక్కలతో పూడ్చి, రెక్క ఆగడానికి కొత్తగా బీడింగు కొట్టి, బందుల గుంతలు ఇటువైపు మళ్లీ ఉలితో తొలిచాడు. పాత గుంతలకు రంపపు పొట్టూ జిగురూ కూరాడు. ఇప్పుడా చట్రం పళ్లు కట్టించుకున్న ముసలాయన నోరులా ఉంది.

తలుపు బిగించాడు. సగం తెరుచుకుని ఆగింది. స్నానాలగది నేల పడకగది నేలకన్నా అంగుళం కింద. లోపలికి తిరిగినన్నాళ్లూ తెలియలేదు, బయటికి తిప్పగానే అంచు షాబాదు బండకు తగిలింది. కింద అంగుళం కోశాడు. ఆ సందులోంచి ఇప్పుడు నీళ్లు మంచం దాకా షికారుకొస్తున్నాయి. చట్రం గోడకు లోపలి అంచున ఉంది గనక రెక్క పూర్తిగా వెనక్కి వాలదు, అడ్డంగా నిలబడుతుంది. గీజరు స్విచ్చు దాని వెనకపడింది. ఎలక్ట్రీషియను ఆగమనం అందుకే. అన్నిటికీ మించి, స్నానాలగది తలుపూ పడకగది తలుపూ ఒకేసారి తెరిస్తే పొట్టేళ్లలా ఢీకొంటాయి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు గది దాటాలన్నా “వస్తున్నా, వస్తున్నా” అని లారీ క్లీనరులా కేకెయ్యాలి. మా ఆవిడ “ఏవండీ, గోనెపట్టా కట్టేద్దామా?” అంటోంది. నేను ఆలోచిస్తున్నాను.

ఇన్ని చెప్పినా తీర్పు మాత్రం తలుపు పక్షానే ఇస్తున్నాను. బందులు ఇప్పుడు మా వైపున్నాయి. అమ్మ లోపలుండగా మేం హాయిగా కాఫీ తాగుతున్నాం. మీరు ఇల్లు కట్టిస్తుంటే ఒక్క మనవి. ద్వారబంధం నిలబెట్టకముందే తలుపు వెడల్పంత దారం, ఒక సుద్దముక్క తీసుకుని వెళ్లండి. బందుల మూల దగ్గర దారం పట్టి నేల మీద పావు చుట్టు గియ్యండి. ఆ గీత లోపల బకెట్టు పెట్టి చూడండి, స్విచ్చు ఎటుందో చూడండి, మీ అమ్మగారిని ఊహించుకోండి. సుద్దముక్క రూపాయి. నాకు ఆ గీత చెరిపి గీసేసరికి పదకొండు వేలయింది.