ఈ గడ్డిని ఆకలితో పెంచండి

మొక్కను ప్రేమగా చూసుకోవడమంటే మనకు తెలిసింది ఒకటే. పొద్దున్నే నీళ్లు పోయాలి, నెలకోసారి పశువుల ఎరువు వెయ్యాలి, ఎండిన ఆకు కనబడితే తుంచి పారెయ్యాలి. మల్లెకీ బెండకీ ఇది బాగానే సరిపోయింది. స్విచ్‌గ్రాస్ అనే ఈ గడ్డికి మాత్రం ఈ మూడూ చేటే. అందుకే నా సలహాలు తలకిందులుగా వినబడతాయి. అయినా వినండి. చికాగో శివార్లలో ఇంటి ముందు పదకొండేళ్లుగా దీన్ని పెంచుతున్నాను, నష్టపోయి నేర్చుకున్నవే చెబుతున్నాను.

ముందుగా ఎరువు. వెయ్యకండి. నాటేటప్పుడు గుంటలో గుప్పెడు కూడా వద్దు. మొదట్లో నేను రెండు బస్తాల పశువుల ఎరువు కొని తెచ్చి వేశాను. జులైకల్లా గడ్డి నా ఎత్తుకు లేచింది, నిగనిగలాడే ముదురాకుపచ్చ. ఫొటో తీసి అమ్మకు పంపాను కూడా. ఆ వారమే ఒక రాత్రి ఉరుములతో వాన కొట్టింది. తెల్లారి చూస్తే దుబ్బులన్నీ నడిమికి పాపిడి తీసినట్టు విచ్చుకుని చుట్టూ నేల మీద పరుచుకుని ఉన్నాయి. ఒక కాడ పట్టుకుని వంచితే తోటకూర కాడలా మెత్తగా ఉంది. నత్రజని ఎక్కువైతే జరిగేది ఇదే. కాడ ఎదుగుతుంది గానీ గట్టిపడదు. మంచి నేలా, నీడా కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి చెట్టు కింద పెట్టకండి, కనీసం ఆరు గంటల ఎండ పడే చోట, ఏమీ పండదని మీరు వదిలేసిన బంకమట్టిలో పెట్టండి.

నీళ్ల సంగతీ అంతే. నాటిన మొదటి వేసవి వారానికోసారి బాగా తడపండి, ఆ తర్వాత పైపు చుట్టి గరాజ్‌లో పెట్టెయ్యండి. ఇది ప్రెయిరీ అనే పచ్చిక మైదానాల గడ్డి. నాగలి పడక ముందు ఇల్లినాయ్ నుంచి కాన్సాస్ దాకా బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్‌లతో కలిసి బతికింది. దీని వేళ్లు పది అడుగుల లోతుకు పోగలవు. పైన రోజూ తడి ఇస్తూ పోతే అంత దూరం దిగాల్సిన పనేముంది దానికి?

హైదరాబాద్‌లో పెంచొచ్చా అని మా అక్క అడిగింది. వద్దన్నాను. చలికాలమంతా నిద్రపోవడం ఈ గడ్డి ఒంట్లో ఉన్న అలవాటు. మనకు వట్టివేరు ఉంది, రెల్లు ఉంది, వాటిని పెంచుకోండి.

కానీ చుట్టరికం మాత్రం ఉంది. లిన్నేయస్ 1753లో దీనికి పానికం విర్గేటం అని పేరు పెట్టాడు. మన వరిగ పానికం మిలియేసియం, సామ పానికం సుమత్రెన్స్. ఇంటిపేరు ఒకటే. ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు మామయ్యగారు చెప్పారు. మెట్ట సేద్యం చేసిన మనిషి. అక్టోబరులో ఇక్కడున్నప్పుడు ఒక కంకి దూసి అరచేతిలో వేసుకుని, బొటనవేలితో నలిపి, పొట్టు ఊది చూశారు. ఆకు కాడను కలిసే చోట తెల్లటి నూగు కుచ్చులా ఉంటుంది, అదీ గోటితో తడిమి చూశారు. "ఇది వరిగ జాతే అమ్మాయ్, గింజ సన్నం, అంతే" అన్నారు. మరి కోసెయ్యనా అని అడిగారు. వద్దంటే ఆయనకు అర్థం కాలేదు. పండిన చేను నిలబెట్టి వదిలేసే ఇల్లు ఆయన ఎక్కడా చూడలేదు.

నా సలహాల్లో ఎక్కువమందికి మింగుడుపడనిది ఇదే. ఎండిపోయాక కొయ్యకండి. అక్టోబరులో బంగారు రంగుకు తిరిగిన గడ్డి మార్చి దాకా అలాగే నిలబడాలి. మంచు పడ్డాక అన్ని మొక్కలూ మాయమైన తోటలో నిలబడేది ఇదొక్కటే. చికాగో ఊరి నడుమ లూరీ గార్డెన్‌లోనూ చలికాలమంతా గడ్డిని ఇలాగే ఉంచుతారు, వెళ్లి చూడండి. డిసెంబరు మొదట్లో మా దుబ్బుల కింద మంచు మీద బూడిదరంగు జుంకో పిట్టలు రాలిన గింజలు ఏరుకుంటుంటే మామయ్యగారు కాఫీ చల్లారిపోయేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు. మళ్లీ కోత మాట ఎత్తలేదు.

మా కాలనీ సంఘం నుంచి మాత్రం ఉత్తరం వచ్చింది, ఎండుగడ్డి తీసెయ్యమని. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఈ నేలలో పుట్టిన గడ్డి ఇది. అయినా కోపంతో జవాబు రాయకండి. దుబ్బులను వరుసలో పెట్టి, వాటి ముందు ఒక మోవర్ పట్టేంత వెడల్పున లాన్‌ను శుభ్రంగా కత్తిరించి ఉంచండి. అంచు నీటుగా ఉంటే కావాలనే పెంచారని చూసేవాళ్లకు తెలుస్తుంది.

విత్తనంతో మొదలుపెట్టకండి, పేరున్న రకాల లక్షణాలు పిల్లల్లో నిలవవు. మొక్కే కొనండి, అదీ అన్నిటికంటే చిన్న కుండీది. గాలి ఎక్కువుంటే నార్త్‌విండ్ తీసుకోండి. ఇల్లినాయ్‌లో రాయ్ డిబ్లిక్ ఎంచి పెంచిన రకం, 2014లో పెరెన్నియల్ ప్లాంట్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైంది, నిటారుగా ఐదారడుగులు లేస్తుంది. ఎరుపు కావాలంటే షెనాండోవా. మేకలూ గొర్రెలూ గుర్రాలూ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండండి. ఇందులోని శాపోనిన్లు అనే పదార్థాలు వాటి కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

మార్చి చివర పాతచీర పేలికతో దుబ్బును నడుం దగ్గర బిగించి కట్టి, నాలుగైదు అంగుళాలు వదిలి కొయ్యండి. మోపు మోపుగానే వచ్చేస్తుంది, ఊడ్చే పని ఉండదు. ఇక ఏప్రిల్ వస్తుంది. అందరి లాన్లూ పచ్చబడతాయి, మీ మోళ్లు మాత్రం చీపురుకట్టల్లా ఉంటాయి. చచ్చిపోయిందనుకుని పీకేసేది ఈ నెలలోనే. నేనూ ఒకటి పీకాను, వేరు విరిగితే లోపల తెల్లగా, తడిగా ఉంది. ఇది వేడి కోరే గడ్డి, నేల వెచ్చబడందే కదలదు. మే రెండో వారం దాకా గునపం ముట్టుకోకండి. అప్పుడు వంగి, మోళ్లను వేళ్లతో పక్కకు తీసి చూడండి. ములుకుల్లాంటి మొలకలు వేలికి గుచ్చుకుంటాయి.