టూరు పెద్దమనిషి

ఊరు కదలకుండా ఊళ్ళన్నీ తిప్పగలవాణ్ణి టూరు పెద్దమనిషి అంటారు. మండలానికొకడు తప్పకుండా ఉంటాడు. బాగా ముదిరినవాణ్ణి చూడాలంటే తనకల్లు రావాలి. వయసు నలభై ఐదుకూ అరవైకీ నడుమ. పైజేబులో నాలుగు మడతల కాగితం, దానికి గుచ్చిన బాల్‌పెన్ను. చేసేది ఎరువుల అంగడి కావచ్చు, పంతులు పని కావచ్చు, ఆరెకరాల మెట్ట సేద్యం కావచ్చు. అది కూటికోసం. అసలు పని ప్రయాణాలు ఏర్పాటు చేయడం. ప్రయాణం చేయడం అందులోకి రాదు.

ఇతడు దొరికే చోటు రోడ్డు పక్క టీ అంగడి బెంచీ. అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లెకు పోయే జాతీయ రహదారి తనకల్లును ఒరుసుకునే పోతుంది. పొద్దస్తమానం కళ్ళ ముందు బస్సులూ, టమాటా లారీలూ పోతూ ఉంటే కొందరికి ఎక్కి పోవాలనిపిస్తుంది. ఇతడికి మాత్రం అవి ఎన్ని గంటలకు ఎక్కడికి చేరతాయో లెక్కగట్టాలనిపిస్తుంది. బస్సు దిగినవాణ్ణి "యాడికి ప్పా?" అని అడుగుతాడు. జవాబు వచ్చేలోగా ఆ ఊరికి మూడు దారులు చెప్పి, వాటిలో రెండు పనికిరావని తేలుస్తాడు.

వేసేవి ఎన్ని ప్లాన్లయినా, ఇతడి జీవితాశయం ఒకటే యాత్ర: ఎడారి నుంచి జలపాతం దాకా. ఎడారంటే రాజస్థాన్ కాదు, బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరు. అక్కడ వేదవతి నది, అంటే హగరి, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది. నైరుతి గాలులు ఏటి ఇసుకను లేపి పొలాల మీద దిబ్బలుగా పోస్తాయి. "ఎడారి మన జిల్లాలోనే పెట్టుకోని జైసల్మేరు పోతారేంది?" అని ఇతడు కేకలేస్తాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి తనకల్లు శ్రీసత్యసాయి జిల్లాలో ఉందనీ, ఇసుక అనంతపురంలోనే ఉండిపోయిందనీ ఎవడో ఒక కుర్రాడు గుర్తుచేస్తాడు. "జిల్లా మారితే ఇసుక తడుస్తాదేంరా?" అనేది ఇతడి సమాధానం.

ఎడారి ఎందుకొచ్చిందో కూడా చెప్పందే వదలడు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటే పిండేసుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే మామూలు వాన. అందుకే దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా ఉమ్మడి అనంతపురానికి పేరు. ఈ రెండో స్థానం చెప్పేటప్పుడు ఇతడి గొంతులో బాధ వినపడదు. జిల్లాకు పతకం వచ్చిన ధీమా వినపడుతుంది.

యాత్రకు రెండో కొస తలకోన. శేషాచలం అడవుల్లో, 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళు. దారి కాగితం మీద ఇలా ఉంటుంది: కదిరి, అనంతపురం, కళ్యాణదుర్గం, రాయదుర్గం మీదుగా ఇసుక. వెనక్కి అదే దారి. తనకల్లులో టీ. ములకలచెరువు, మదనపల్లె, పీలేరు, భాకరాపేట మీదుగా నీళ్ళు. మధ్యలో వీలైతే హార్సిలీ కొండ. కాగితం వెనకవైపు టీకి ఎంత, టైరు గాలికి ఎంత, "అనుకోని ఖర్చు"కు ఎంత అని పద్దు ఉంటుంది. అనుకోని ఖర్చులేవో కూడా కింద వరసగా రాసి ఉంటాయి.

సామాన్ల పట్టీలో మొదటి మాట నీళ్ళు. కరువు సీమలో పుట్టినవాడు ఏ కాగితం మీదైనా ముందు నీళ్ళే రాస్తాడు. ఎండలో మనిషికి రోజుకు 5 లీటర్లు. ఏడుగురికి మూడు రోజులకు 105 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. ఆరు క్యాన్లు పెడితే బొలెరోలో వెనక సీటు ఉండదు. సీటు లేకపోతే ఇద్దరిని దించాలి. ఇద్దరు దిగితే 75 లీటర్లే చాలు, రెండు క్యాన్లు తగ్గుతాయి. క్యాన్లు తగ్గితే చోటు మిగులుతుంది. చోటు మిగిలిందని తెలియగానే బామ్మర్ది ఎక్కుతాడు. లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ చర్చకు ఒక సాయంత్రం, ఆరు టీలు పడతాయి. నీళ్ళ తర్వాత ఊరుబిండి, బొరుగులు, వేయించిన చెనక్కాయలు, టార్చి, జాకీ, రెండో స్టెప్నీ, స్టెప్నీ బిగించడం తెలిసిన మనిషి.

ఇతడు ఆదర్శంగా చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామయ్యను. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కడప, శ్రీశైలం దారిన కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారి పొడుగునా మజిలీలూ, నీటి వసతీ రాసిపెట్టాడు. ఇద్దరికీ తేడా చిన్నదే. వీరాస్వామయ్య పోతూ రాశాడు. ఇతడు రాయడం అయ్యాక పోదామని చూస్తున్నాడు.

ఇక ముహూర్తం. ఇతడి పాండిత్యమంతా ఇక్కడే బయటపడుతుంది. ఎడారి ఎడారిగా కనబడాలంటే ఆషాఢం గాలి ఉండాలి, ఇసుక లేవాలి. ఆషాఢంలో పోతే తలకోనలో నీళ్ళు సన్నగా ఉంటాయి. నీళ్ళు నిండుగా దూకాలంటే ఈశాన్య వానలు పడి కార్తీకం రావాలి. కార్తీకంలో హొన్నూరు ఇసుక గాలి లేక కదలకుండా పడి ఉంటుంది. పోనీ ఏదో ఒకటి చూద్దామంటే, ఆషాఢంలో చెనక్కాయ విత్తనం, కార్తీకానికి పీకుడు, ఒబ్బిడి. విత్తేనాడు కూలీలు దొరకరు, పీకేనాడు ధర దొరకదు; రెండుసార్లూ మనిషి చేలోనే ఉండాలి. సంక్రాంతికి అల్లుళ్ళు. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు. దేవుడు కదిలే నెలలో మనిషి ఊరొదిలి పోకూడదు. తర్వాత ఎండాకాలం, నీళ్ళ క్యాన్లు ఎనిమిది అవుతాయి, బొలెరోలో డ్రైవరు తప్ప ఎవరూ పట్టరు. ఏ నెలను పరీక్షించినా వాయిదాకు నికరమైన కారణం ఉంటుంది. ఒక్క కారణమూ కల్పించింది కాదు. వాన కోసం ఏడాదంతా ఆకాశం చూసేవాడికి వాయిదా వేయడం ఒకరు నేర్పాల్సిన పని కాదు.

పదిమంది మరీ ఒత్తిడి చేసినప్పుడు యాత్ర బయలుదేరుతుంది. తెల్లవారి నాలుగన్న మాట ఎనిమిదవుతుంది. గంటలోపే కదిరి. స్వామి దర్శనం, ఉగ్గాని, బజ్జీ. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?" అని బండి గూటిబైలు వైపు తిరుగుతుంది. అక్కడ తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాలు పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. చాపలు దిగుతాయి, క్యాన్లు దిగుతాయి. మూడు రోజుల ఊరుబిండి ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. నీడ వదిలి ఇసుకలోకి పోదామనే మాట ఎవరూ ఎత్తరు. చీకటి పడేలోపు అందరూ తనకల్లులో ఉంటారు. మర్నాడు బెంచీ మీద ఇతడి తీర్మానం: "తొలి విడత జయప్రదం."

ఇంతమాత్రాన ఇతణ్ణి పనికిరానివాడు అనడానికి లేదు. హార్సిలీ కొండకు పోయే పెళ్ళిబృందాలూ, బెంగళూరు నుంచి సెలవులకొచ్చిన కుర్రాళ్ళూ ఇతణ్ణి అడిగే పోతారు. ఎక్కడ మలుపు, ఎక్కడ పంక్చరు అంగడి, ఏ ఊరు దాటితే మంచినీళ్ళు దొరకవు అన్నది ఇతడు చెప్పినట్టే ఉంటుంది. పోయొచ్చినవాళ్ళ దగ్గర ధరలూ, గుంతలూ విచారించి కాగితం దిద్దుకుంటాడు కనుక అందులో పాత సమాచారం ఉండదు. ఇతడి మాట విని క్యాన్లు నింపుకున్నవాడు దాహంతో తిరిగిరాడు. ఇతడు వస్తాడని నమ్మి సెలవు పెట్టుకున్నవాడు మాత్రం సెలవు పోగొట్టుకుంటాడు. అటువైపు పోయేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇంతే: తనకల్లులో ఆగి దారి అడగండి, టీ తాగించండి, కాగితం నకలు రాసుకోండి. "నువ్వూ రా అన్నా" అని మాత్రం అనకండి.